తిట్టి పిలిచే ప్రార్థన

నవంబరు నెల మా స్కూల్లో చనిపోయినవాళ్ళది. క్యాథలిక్కుల ఆనవాయితీ అది. ఆ నెల పొడుగునా గతించినవాళ్ళ కోసం ప్రార్థిస్తాం. పొద్దున అసెంబ్లీకి ముందు పిల్లలు వచ్చి తమ ఇళ్ళలో పోయినవాళ్ళ పేర్లు చెప్పిపోతారు. క్యాంపస్ మినిస్ట్రీ లీడరు మైకు ముందు నిలబడి ఒక్కో పేరూ చదివి, ఆ ఆత్మకు నిత్యవిశ్రాంతి దయచేయమని దేవుణ్ణి అడుగుతాడు. స్కూలంతా ఆమెన్ అంటుంది. పేరుకు సముద్రతార మాత హైస్కూలే గానీ, మాలో క్యాథలిక్కు పిల్లలు పిడికెడుమంది. తక్కినవాళ్ళంతా కూతవేటు దూరంలోని పాళెం పిల్లలు. సముద్రం మీద వేటకు పోయే ఇళ్ళవాళ్ళు, గంగమ్మకు పొంగళ్ళు పెట్టేవాళ్ళు. అయినా ఆమెన్ గట్టిగా అనేది వాళ్ళే. పోయినవాళ్ళు లేని ఇల్లు ఏ మతంలో ఉంది గనక?

నా పేరు సామ్రాజ్యం. పిల్లలకు తెలుగు చెబుతాను. క్యాంపస్ మినిస్ట్రీ కూడా నా నెత్తినే ఉంది. అదేదో పెద్ద హోదా అనుకునేరు. పొద్దుటి ప్రార్థన ఎవరు చెప్పాలో చూడటం, జబ్బుపడ్డ పిల్లల ఇళ్ళకు వెళ్ళి పలకరించడం, ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలంలో గుప్పెడు గుప్పెడు బియ్యం పోగుచేసి లేనివాళ్ళకు ఇవ్వడం, ఇవీ పనులు. ఇవన్నీ పిల్లలే నడపాలి, టీచరు వెనక ఉండాలి అని మా పెద్ద సిస్టర్ నియమం. వెనక ఉండటం నాకు చేతకాని పని. నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ.

ఆ ఏడు లీడరు హెబ్రోను. పదో తరగతి. మా గుడిలో జపాలు నేర్పే ఉపదేశి దావీదు కొడుకు. వాడిది కంచు గొంతు. వాడు ప్రార్థన మొదలుపెడితే ప్రహరీ బయట వల బాగుచేసుకునేవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. అడగడమే తరువాయి, ఏ సందర్భానికైనా వాడి దగ్గర ఒక ప్రార్థన సిద్ధంగా ఉంటుంది. ఒకసారి ఆరో తరగతి వినోద్ చనిపోయినవాళ్ళ పేర్లలో టైగర్ అని చెప్పాడు. హెబ్రోను ఎవరా టైగర్ అని అడగలేదు. "టైగర్ గారి ఆత్మకు" అని కళ్ళు మూసుకుని భక్తిగా చదివేశాడు. టైగర్ వినోద్ వాళ్ళ కుక్క. నవ్వు ఆగక నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. "పోనీలెండి టీచర్, అదీ ప్రాణమే గదా" అన్నాడు వాడు. వాడి మీద కోపం తెచ్చుకోవడం నాకే కష్టమయ్యేది.

వాడికి జోడీ మహాలక్ష్మి. ఆ పిల్లదీ పదో తరగతే, పాళెం పిల్ల. క్యాథలిక్కు కాని పిల్ల క్యాంపస్ మినిస్ట్రీలో ఏమిటని ఒకరిద్దరు గొణిగారు. దేవుడికి లేని అభ్యంతరం వీళ్ళకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకట! ఏ ఇంట్లో ఎవరు మంచం పట్టారో, ఏ ఇంట్లో బియ్యం నిండుకున్నాయో మహాలక్ష్మికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వాడిది మాట, ఈ పిల్లది పని. ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవాళ్ళు. "నువ్వు అన్నం తినవురా, మైకు తింటావు" అనేది ఈ పిల్ల. వాడు నవ్వి ఊరుకునేవాడు.

ఆ నవంబరులో వాయుగుండం పట్టింది. వేటకు పోవద్దని ముందే చెప్పారు, బోట్లన్నీ ఒడ్డుకు లాగేశారు. మహాలక్ష్మి తండ్రి పోలేరయ్య మాత్రం ముందురోజు వేసివచ్చిన వల కొట్టుకుపోతుందని, గాలి ముదిరేలోగా తెచ్చేసుకుంటానని ఒక్కడే చిన్న ఫైబర్ బోటు వేసుకుని వెళ్ళాడు. గాలి ముదిరింది. ఆయన రాలేదు. ఫోను పలకలేదు. వాన తెరిపిచ్చాక పాళెం బోట్లు వెతికాయి, కోస్ట్‌గార్డు వాళ్ళు వెతికారు. మనిషీ కనపడలేదు, బోటూ కనపడలేదు.

వానల సెలవులయ్యి స్కూలు తెరిచిన పొద్దున మహాలక్ష్మి యూనిఫారం వేసుకుని, రెండు జడలూ రిబ్బన్లతో మడిచి కట్టుకుని వచ్చింది. మామూలుగానే మైకు పక్కన తన చోట నిలబడింది. ఇంత కష్టంలో ఈ పిల్ల ఎట్లా వచ్చిందా అని టీచర్లం మొహమొహాలు చూసుకున్నాం. హెబ్రోను కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. రోజూలాగే పేర్లు చదివాడు. వరస అయిపోయింది. ఒక్క క్షణం ఆగాడు, మనసులోంచి తన్నుకొచ్చింది కాబోలు, ఇంకో పేరు కలిపాడు.

"మన మహాలక్ష్మి తండ్రి పోలేరయ్య గారి ఆత్మకు కూడా నిత్యవిశ్రాంతి దయచేయండి ప్రభువా."

ఆమెన్ రాలేదు. పాళెం పిల్లలు ఒక్కరూ నోరు తెరవలేదు. చిన్న తరగతుల్లో ఒక పిల్ల భయపడి పక్కపిల్ల చెయ్యి పట్టుకుంది.

"మా నాయన చచ్చిపోయినాడని నీకెవుర్రా చెప్పింది?" మహాలక్ష్మి గొంతు మైకులో ఖంగుమంది. "నువ్వు చూసినావా? పిల్లకాయలందరి ముందరా మైకు పెట్టి మా నాయన్ని చంపేసినావు గదరా!"

చొక్కాకున్న క్యాంపస్ మినిస్ట్రీ బ్యాడ్జి పీకి నేల మీద పెట్టింది. విసిరికొట్టినా నాకు అంత బాధ కలిగేది కాదు. "ఈ బడికి నేనింక రాను" అని గేటు దాటి వెళ్ళిపోయింది.

సాయంత్రం హెబ్రోను స్టాఫ్‌రూముకు వచ్చి తన బ్యాడ్జి కూడా తీసి నా బల్ల మీద పెట్టాడు. అప్పటికే పెద్ద సిస్టర్ చెప్పేసింది, ఆ అబ్బాయి కొన్నాళ్ళు మైకు దగ్గరికి రాకపోతే మంచిదని. ఆమె కేరళ మనిషి, గొడవంటే గిట్టదు. కానీ ఆ బ్యాడ్జి చూసేసరికి నాకు ఒళ్ళు మండింది.

"ఇది తీసి ఇవ్వడం చాలా తేలికరా అబ్బాయ్! వేరేవాళ్ళకి తగిలిస్తాను, నువ్వు ఇంటికి పోయి హాయిగా ఏడ్చుకో. ఆ పిల్ల సంగతేంటి? మార్చిలో పరీక్షలు. ఈ ఒడ్డున బడి మానేసిన ఆడపిల్ల మళ్ళీ బడి మొహం చూసిందా ఎప్పుడైనా? ఏ నోటితో అన్నావో ఆ నోటితోనే పోయి మాట్లాడు. నేనూ వస్తాను, పద."

నాకూ భయంగానే ఉంది. మహాలక్ష్మి తిరిగి రాకపోతే ఆ పిల్ల చదువు మా ప్రార్థనే చెడగొట్టినట్టు.

దారిలో బేకరీ కనపడితే బన్నురొట్టె, అరటిపళ్ళు కొన్నాను. కష్టంలో ఉన్న ఇంటికి ఒట్టి చేతులతో ఎట్లా పోతాం? పాళెం చివర, ఇసుకలోకి దిగే చోట పోలేరయ్య ఇల్లు. ఆయన భార్య కామాక్షమ్మ వాకిట్లో పొయ్యి మీద చేపల పులుసు కలియబెడుతోంది. పులుసు మామూలుగా ఉడుకుతోంది, చింతపండు వాసన వస్తోంది. చాప మీద కంచం, పక్కన చెంబుతో నీళ్ళు. నా చేతిలో సంచి చూడగానే ఆమె గరిటె పక్కన పెట్టింది.

"అదేంది టీచరమ్మా సంచిలో?"

"రొట్టె, పళ్ళు తల్లీ. వంటావార్పూ లేదేమోనని…"

"మా ఇంట్లో పొయ్యి రాజలేదని మీకెవురు చెప్పినారు? చావింటికి తెచ్చినట్టు కూడు తెచ్చినారే!"

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. పొద్దున ఆ పిల్లవాడు నోటితో చేసిన పనే నేను సంచితో చేశాను. సంచి వెనక్కి దాచుకుని నిలబడ్డాను. మహాలక్ష్మి గుమ్మంలోంచి హెబ్రోనును చూసి మొహం తిప్పుకుంది.

కామాక్షమ్మ లేచి నాలుగడుగులు ఇసుకలోకి వేసి, సముద్రం వైపు తిరిగి చెయ్యి ఊపుతూ మొదలుపెట్టింది.

"ఏమయ్యో! వల తెస్తానని పోయినోడివి, వల నేసుకోని వస్తావా ఏంది? పులుసు చల్లారిపోతా ఉండాది! యాడ కూసోని బీడీ తాగతా ఉండావు? నీకు సిగ్గుండాదా, శరముండాదా!"

మతి చలించిందేమో అనుకున్నాను. ఆమె మాత్రం తాపీగా వచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది.

"మా కాడ ఇంతే టీచరమ్మా. సముద్రం మీద మనిషి ఆలీసం అయితే ఏడవకూడదు. ఏడుపు పోయినోడికి. రావాల్సినోడికి తిట్లే. ఏడ్చినామనుకో, ఓహో వీళ్ళు ఆశ వొదిలేసుకున్నారని గంగమ్మతల్లి ఉంచేసుకుంటది. తిడతా ఉంటే, అబ్బో వీడికి పెళ్ళాం కాచుకోనుండాది, పంపిస్తే మేలని పంపించేస్తది. అందుకే పిల్లని బడికి పంపించినా. ఇంట్లో కూసోబెడితే చావింటి పిల్లయిపోదా?"

హెబ్రోను మోకాళ్ళ మీద ఇసుకలో కూలబడ్డాడు. "అమ్మా, నేను తప్పు చేసినాను. నాకు తెలవక…" అన్నాడు. ఏడుపు వస్తోంది, ఆ ఇంట్లో ఏడవకూడదని అప్పుడే విన్నాడు, పెదవి కరిచి బిగపట్టుకున్నాడు. వాణ్ణి చూసి నా కోపమంతా దిగిపోయింది.

"నువ్వు మంచికే అన్నావులే అబ్బయ్యా" అంది కామాక్షమ్మ. "మాట మంచిదే, దానికింకా పొద్దు కాలేదు. నాకు క్షమాపణ ఎందుకు? ఆ పేరు పోయినోళ్ళలో కలిపినావు గదా, నువ్వే ఈవలికి తియ్యి. రేపు బళ్ళో నువ్వే పిలువు. నేను ఆయన పేరు పెట్టి పిలవకూడదు, పెండ్లాన్ని గదా. పిల్ల గొంతు పూడుకోని పోయింది. నీది పెద్ద గొంతు. పేరు పెట్టి తిట్టు."

హెబ్రోను లేచి సముద్రం వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. "పోలేరయ్య గారూ, దయచేసి తొందరగా రండి."

గుమ్మంలోంచి ముక్కుతో నవ్విన చప్పుడు వినిపించింది. "పెండ్లికి పిలస్తా ఉండావా?" అంది మహాలక్ష్మి, నవ్వినందుకు తన మీద తనకే కోపంతో. "నీ జన్మలో ఎవుర్నన్నా తిట్టినావా నువ్వు? సామ్రాజ్యం టీచర్ని చూసి నేర్చుకో."

నా గురించి నా ఎదుటే! ఇంకో రోజైతే చెవి మెలిపెట్టేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం ఆ మాట నాకు తేనెలా ఉంది.

మర్నాడు పొద్దున పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళి, పిల్లవాడు మైకు ముందుకు వస్తాడని చెప్పాను. అడగలేదు, చెప్పాను. ఆమె నా మొహం చూసి అసెంబ్లీ గంట కొట్టించింది. హెబ్రోను వచ్చి నిలబడ్డాడు. కళ్ళు మూసుకోలేదు.

"నిన్న నేను పోలేరయ్య గారి పేరు చనిపోయినవాళ్ళలో చదివాను. అది తప్పు. ఆయన ఇంకా ఇంటికి రావలసిన మనిషి. ఆ పేరు వెనక్కి తీసుకుంటున్నాను. మహాలక్ష్మి వాళ్ళింట్లో ఎట్లా పిలుస్తారో అట్లాగే పిలుస్తాను." తర్వాత సముద్రం ఉన్న దిక్కుకు తిరిగి, ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. "పోలేరయ్య చిన్నాయనా! ఎంతసేపు తిరగతావు? వల పోతే పోయింది, ఇంకోటి నేసుకోవచ్చు! ఇంటికాడ పులుసు చల్లారిపోతా ఉంది! మీ పిల్ల లెక్కల్లో తప్పతా ఉంది, చూసుకునేదానికి వస్తావా రావా?"

"నేనేం తప్పలేదు!" గేటు దగ్గర్నుంచి కేక. "లెక్కల్లో ఫస్టు నేనేరా!"

మహాలక్ష్మి యూనిఫారంలోనే ఉంది. ఎప్పుడు వచ్చిందో, గేటు చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. వరసల మధ్యలోంచి నడిచివచ్చి హెబ్రోనును మోచేత్తో పక్కకు నెట్టి మైకు అందుకుంది.

"నాయనా! వీడు అబద్ధాలు చెప్తా ఉండాడు, వచ్చి వీడి సంగతి చూడు! అమ్మ రోజూ కంచం పెట్టి ఎత్తేస్తా ఉండాది. ఇంత ఆలీసం చేస్తే ఎట్టా?"

ఆ తర్వాత ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలియదు. స్కూలంతా సముద్రం దిక్కుకు తిరిగింది. "నాకు ఎండ్రకాయ తెచ్చిస్తానన్నావే, యాడ?" అని అరిచాడు వినోద్. పాళెం పిల్లలు అరుస్తుంటే మా క్యాథలిక్కు పిల్లలు కూడా అందుకున్నారు. నేనూ తిట్టాను, నాకు అదేమీ కొత్త కాదు గదా. వరండాలో పెద్ద సిస్టర్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఆలస్యంగా వచ్చే పిల్లల్ని రోజూ గేటు దగ్గర అనే మాటనే ఎప్పుడూ విననంత గట్టిగా అంది: "ఇదేనా టైము?" ఆమెకు తెలుగులో తెలిసిన తిట్టు అదొక్కటే.

మహాలక్ష్మి మళ్ళీ బ్యాడ్జి పెట్టుకుంది. అప్పట్నుంచి రోజూ అదే వరస. ముందు పోయినవాళ్ళ పేర్లు, ఆమెన్. తర్వాత సముద్రం వైపు తిరిగి పోలేరయ్యకు తిట్లు. ఒకనాడు నెల్లూరు నుంచి వచ్చిన ఫాదరొకాయన ఇది విని, ఇదేం ప్రార్థన బాబూ అని అడిగాడు. "ఆలస్యమైనవాళ్ళ కోసం ఫాదర్" అన్నాడు హెబ్రోను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని తానూ ఆ దిక్కుకే తిరిగి నిలబడ్డాడు.

నవంబరు అయిపోయింది. పిల్లలు క్రిస్మసు పశువులపాక కట్టారు, మహాలక్ష్మి దాని చుట్టూ గవ్వలు పరిచింది. అప్పుడే కబురు వచ్చింది. తమిళనాడు వైపు ఒడ్డున ఒక ఫైబర్ బోటు బోర్లా పడి దొరికింది. పాళెం పెద్దలు వెళ్ళి చూసివచ్చారు. పోలేరయ్యదే.

ఇక ఆపెయ్యమని చెబుదామా అని హెబ్రోనును అడిగాను. వాడు తల అడ్డంగా ఊపాడు. అరిచి అరిచి ఆ కంచు గొంతు బొంగురు పోయి ఉంది.

"మొదట ఆ పేరు చదివినప్పుడు నేను ఎవుర్నీ అడగలేదు టీచర్. ఆపేదానికన్నా అడగాల గదా. వాళ్ళింట్లో వాళ్ళు చాలన్నదాకా పిలస్తానే ఉంటాను."

నెల కిందట కుక్క పేరు కూడా ఎవరిదని అడక్కుండా చదివేసిన పిల్లవాడు వీడేనా అనుకున్నాను. లీడరంటే ముందు నిలబడేవాడని పిల్లలకు నేనే చెబుతుంటాను. ఆగడం కూడా తెలియాలని వాడు నేర్చుకున్నాడు. గర్వంతో నా కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

క్రిస్మసు సెలవుల తర్వాత ఒక పొద్దున, అసెంబ్లీ మొదలయ్యే వేళకు కామాక్షమ్మ వచ్చింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. రోజూ అమ్మకానికి నెత్తిన మోసే చేపల గంప లేదు. పిల్లల వరసల పక్కనుంచి నడిచి మైకు దగ్గరికి వచ్చింది. మహాలక్ష్మి తల్లిని చూసి బిగుసుకుపోయింది.

"అబ్బయ్యా" అంది హెబ్రోనుతో. "ఆ పొద్దు ఒక మాట చదివినావే, మా ఆయన కోసం. అది చదువు. ఇప్పుడు చదవచ్చు." మైకులో ఆమె గొంతు అందరికీ వినిపించింది. "ఇంత పిలిచినాక, రాగలిగినోడైతే వచ్చేసుండేవోడు."

హెబ్రోను మహాలక్ష్మి వైపు చూశాడు. ఆ పిల్ల చాలాసేపటికి తల ఊపింది. వాడు మైకు ముందుకు వచ్చి చేతులు జోడించాడు. పీలగా మొదలుపెట్టాడు.

"మన మహాలక్ష్మి తండ్రి…"

అక్కడ ఆగిపోయాడు. మరిచిపోయి కాదు. ఆ పేరు ఒకసారి వాళ్ళను అడక్కుండా చదివాడు, రెండోసారి తనంత తానుగా చదవడు. వాళ్ళ నోటి నుంచి వచ్చేదాకా తల వంచుకుని నిలబడ్డాడు. మహాలక్ష్మి తల్లి వైపు చూసింది.

"పోలేరయ్య" అంది కామాక్షమ్మ.

కట్టుకున్న నాటినుంచి ఆమె ఆ పేరు పలకడం అదే మొదలు. పాళెం పిల్లలకు ఆ సంగతి తెలుసు. కొందరు తలలు దించుకున్నారు.

"పోలేరయ్య గారి ఆత్మకు నిత్యవిశ్రాంతి దయచేయండి ప్రభువా" అన్నాడు హెబ్రోను. ఈసారి ఆమెన్ వచ్చింది. అంత మెల్లగా ఆ స్కూలు ఆమెన్ అనడం నేనెప్పుడూ వినలేదు.

కామాక్షమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "ఇంక ఏడువు తల్లీ. ఇప్పుడు ఏడవచ్చు." అన్నాళ్ళూ బిగపట్టుకున్న పిల్ల తల్లి భుజం మీద పడి భోరుమంది. హెబ్రోను ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

కామాక్షమ్మ ఏడవలేదు. కూతుర్ని ఒక చేత్తో పట్టుకునే, ప్రహరీ అవతల సముద్రం వైపు తిరిగింది. రోజూ తిట్టే గొంతు కాదది, ఇంట్లో పక్క పరిచి పిలిచే గొంతు.

"ఇంక తిట్టనులేయ్యా" అంది. "పడుకో."